చల్ల ఎక్కడ సల్ల అవుతుంది?

శుక్రవారం ఉదయం ఆరుంపావుకు జూబ్లీ బస్‌స్టేషన్‌లో కరీంనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. భుజాన బట్టల సంచి, ఒళ్ళో ఇంకో సంచి. ఒళ్ళోదాంట్లో రికార్డరు, తీగ లేని బొటనవేలంత మైకు, అట్టముక్కల మీద అంటించిన అరవై బొమ్మలు ఉన్నాయి. కండక్టరు నా ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టి, బొమ్మల వంక చూశాడు.

"బడి టీచరా మేడం?"

"కాదండీ. మనుషులు మాటల్ని ఎలా పలుకుతారో పరిశోధన చేస్తున్నాను."

అతను టికెట్ల మిషను చంకలో పెట్టుకున్నాడు. "గట్ల గూడ నౌకరీ ఉంటదా" అని వెనక సీటుకు వెళ్ళిపోయాడు.

నౌకరీ కాదు, పీహెచ్‌డీ. అది కూడా ఏడో ఏడు. మాది తెనాలి వైపు. హైదరాబాద్‌లో భాషాశాస్త్రం చదువుతూ ఒకే ఒక్క శబ్దం వెంట పడ్డాను. మీరు 'చీమ' అనండి. నాలుక పైకి లేచి అంగిలికి తగులుతుంది. ఇప్పుడు 'చాప' అనండి. నాలుక ముందుకు జారి పళ్ళ వెనకాల తగులుతుంది. రాతలో రెండూ ఒకటే చ. నోట్లో మాత్రం రెండు. పాత అచ్చుల్లో ఈ రెండో దాని నెత్తిన చిన్న గుర్తు పెట్టేవారు, తర్వాత ఎవరికీ ఓపిక లేక వదిలేశారు. ఈ పళ్ళ చ తెలంగాణలో చాలాచోట్ల స అయిపోయింది. చాప సాప అయింది, చల్ల, అంటే మజ్జిగ, సల్ల అయింది. ఆదిలాబాద్ వైపు మరాఠీ పక్కనే ఉంది, మరాఠీలో ఆ చ దిట్టంగా ఉంది. కాబట్టి కరీంనగర్ నుంచి పైకి వెళ్తే ఎక్కడో ఒకచోట సల్ల మళ్ళీ చల్ల కావాలి. ఆ చోటు పట్టుకుంటే నా మూడో అధ్యాయం పూర్తవుతుంది.

"చల్ల అనే, డెబ్బై దాటిన గొంతు ఒక్కటైనా లేకుండా ఈ అధ్యాయం మీద నేను సంతకం పెట్టను. మంగళవారం కనపడు" అన్నారు మా గైడుగారు. నా గడువు కూడా ఆ మంగళవారంతోనే ముగుస్తుంది.

పది దాటాక కరీంనగర్‌లో దిగి ఇంకో బస్సులో అరగంట వెళ్ళి, ఒక చిన్న ఊళ్ళో సత్యం గారింటికి చేరాను. ఆయన నా స్నేహితురాలి మేనమామ, నేతపని. ముందుగదిలో నాలుగు సాంచాలు ఆడుతున్నాయి. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. ఆ చప్పుడులో నా పేరు నాకే వినిపించలేదు.

"కొంచెం ఆపుతారా?" అని సైగ చేశాను.

"ఆపితే కూలి గూడ ఆగుతది మేడం. కరెంటు పోతది, జర ఆగు" అని అరిచారాయన.

పన్నెండింటికి కరెంటు పోయింది. ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. సత్యం గారు అదే గొంతుతో, "ఇగ అడుగు మేడం" అని అరిచారు. పక్కింటి ఆవిడ బయటికి వచ్చి చూసింది.

"ముప్పై ఏండ్ల సంది గింతే" అంది ఆయన భార్య లలిత. "ఇంట్ల ఏం ముచ్చట జెప్పినా వాడకట్టంత ఇంటది."

మైకు ఆయన చొక్కాకు తగిలించి, "మీ అన్నగారు ఎప్పుడొచ్చారు?" అని అడిగాను. అంతకుముందు టీ తాగుతూ ఆయనే "మా అన్న నిన్న వచ్చిండు" అన్నారు. ఇప్పుడు నిటారుగా కూర్చుని గొంతు సవరించుకున్నారు.

"మా సోదరుడు నిన్నటి దినమున విచ్చేసినాడు."

బొమ్మలు తీశాను. గ్లాసులో తెల్లగా ఉన్నది చూపించి ఇదేమిటన్నాను. నాకు కావలసింది సల్లో, చల్లో. "కల్లు" అన్నారు సత్యం గారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

లలిత నవ్వి లోపలికి వెళ్ళి, బొమ్మ దండగని నిజంగానే తెచ్చిచ్చింది. "తాగు. సల్ల." ఆమె ఆ మాట అనడం కోసం ఇంకో రెండు గ్లాసులు అడిగి తాగాను. మూడుసార్లూ సల్లే. మూడో గ్లాసు తర్వాత ఆవిడకు నా మీద జాలి కలిగినట్టుంది.

"గా చల్ల కావాల్నంటే లక్సెట్టిపేటకు పో. మా చెల్లె ఇంటి పక్కన మార్తవ్వ అని ఉన్నది. ఆమె చర్చిల వాక్యం సదివితె ఒక్కొక్క అక్షరం అద్దినట్టుంటది. డెబ్బైయారు ఏండ్లు."

డెబ్బైయారు అనగానే నోటుబుక్కు తీసి అడ్రసు రాసుకున్నాను.

ఆ రాత్రి కరీంనగర్ బస్టాండు పక్క లాడ్జిలో పడుకుని, శనివారం ఏడూ నలభైకి లక్సెట్టిపేట బస్సెక్కాను. రాయపట్నం వంతెన మీద గోదావరి సగం ఇసుక, సగం నీళ్ళు. పక్క సీటు పెద్దాయన పొలం మందుల సంచి పట్టుకుని కూర్చున్నాడు. నేను ఆయన్ను మాటల్లో పెట్టి స వినపడ్డప్పుడల్లా నోటుబుక్కులో సున్నా చుడుతుంటే, చాలాసేపు చూసి, "నేను మాట్లాడితె తప్పులు దిద్దుతున్నవా బిడ్డా?" అన్నాడు. లేదని ఎంత చెప్పినా ఆయన దిగేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

పదింటికి మార్తవ్వ ఇల్లు దొరికింది. చర్చి వెనక రెండు గదుల పెంకుటిల్లు. ఆమె కొంగుతో నోరు మూసుకుని తలుపు తీసింది. ఆడపిల్లల హాస్టల్లో నలభై ఏళ్ళు వంట చేసిన మనిషి, చేతులు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. వచ్చిన పని చెప్పాను. ఆమె కొంగు తీసింది. పైన ఒక్క పన్ను లేదు.

"షెప్పు బిడ్డా. ఏం షదవాలె?"

నేను అరుగు మీద కూలబడ్డాను. పళ్ళ వెనక తగలాల్సిన శబ్దానికి పళ్ళే లేవు.

కోడలు సునీత కుట్టుమిషను మీద నుంచి తలెత్తి సంగతి చెప్పింది. పళ్ళ సెట్టు జారిపడి పగిలింది. బాగుచేయడానికి మంచిర్యాలలో పళ్ళ దవాఖానకు ఇచ్చారు. ఈ రోజు ఇస్తామన్నారు గానీ, ఇంటాయన లారీ మీద నాగ్‌పూర్ పోయాడు, తనకేమో సాయంత్రానికి నాలుగు జాకెట్లు ఇవ్వాలి.

"రేపు వాక్యం నాదే" అంది మార్తవ్వ. "రెండు నెల్ల సంది షదవలే. గంతకు ముంగట పళ్ళు లేకుంటనే షదివిన. పిల్లలు నవ్విన్రు. పాస్టరమ్మ గూడ నవ్వింది, దస్తీ అడ్డం పెట్టుకొని. ఈ పాలి గూడ కాకపోతె ఇంకొకలకు ఇస్తరట."

ఆ మాట అన్నప్పుడు ఆమె నా వంక చూడలేదు. నా అధ్యాయం సంగతి నాకు గుర్తుంది, కాదనను. కానీ లేచింది ఆ ముఖం చూసే. "నేను తెస్తాను" అన్నాను.

ఒంటిగంట బస్సుకు బయల్దేరి రెండింటికి మంచిర్యాలలో దిగాను. దవాఖాన కాంపౌండరు చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, "పై సెట్టే కదా" అని ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టాడు. మూత మీద 'మా' అని రాసి ఉంది. మార్తవ్వలో మా. నాకు అనుమానం రాలేదు. అక్షరాల మీద పరిశోధన చేసేదాన్ని ఒక్క అక్షరాన్ని నమ్మి బస్సెక్కేశాను.

నాలుగున్నరకు మార్తవ్వ వాటిని కడిగి పెట్టుకుంది. పెదవులు మూయలేకపోయింది. గుర్రం నవ్వినట్టు కాసేపు మా ఇద్దరినీ చూసి, చేతిలోకి తీసేసింది.

"ఇవి నా పళ్ళు గావు. ఎవలో మొగోని పళ్ళు."

సునీత మిషను ఆపి గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నేను దవాఖానకు ఫోను చేశాను. కాంపౌండరు ఈసారి ఫోను చేత్తోనే పట్టుకున్నట్టున్నాడు, గొంతు స్పష్టంగా ఉంది.

"మేడం, మాధవరావు సారు గూడ ఇప్పుడే ఫోన్ చేసిండు. రైల్వేల గార్డు చేసి రిటైర్ అయిండు. ఏమంటుండో సమజ్ కాలే, కానీ పరేషాన్‌ల ఉన్నడు. దవాఖాన బంద్ చేసినం, సోమవారం మార్చుకోండ్రి."

సోమవారం అంటే వాక్యం అయిపోతుంది. మాధవరావు గారి నంబరు తీసుకుని చేశాను. అవతల గాలి, ఉమ్మి, అచ్చులు తప్ప ఏమీ వినపడలేదు. చివరికి ఆయన భార్య ఫోను అందుకుంది. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఇద్దరికీ మధ్యలో ఉన్న హాజీపూర్ స్టేజీ దగ్గర కలుద్దామని ఒప్పందం కుదిరింది. ఆ రాత్రి మార్తవ్వ తన మంచం నాకిచ్చి, తాను చాప పరచుకుంది. ఆ చాపను ఏమంటారో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది గానీ, పళ్ళు లేని మనిషిని అడగడం న్యాయం కాదని ఊరుకున్నాను.

పొద్దున హాజీపూర్‌లో పొడుగాటి పెద్దమనిషి ఒకాయన ఇస్త్రీ ప్యాంటులో, చేతిలో డబ్బాతో నిలబడి ఉన్నారు.

"షల్ల మేడం మీరేనా?" అన్నారు. ఫోనులో ఆయన భార్యకు చెప్పిన నా చల్ల కథ ఆయనకూ చేరినట్టుంది.

డబ్బాలు మార్చుకున్నాం. ఆయన మూత తీసి పరీక్షగా చూశారు. "ఎవలన్న పెట్టుకున్నరా?"

"కడిగాం సార్. ఉప్పునీళ్ళతో."

"అంటే పెట్టుకున్నరు." పళ్ళను వెలుతురుకు తిప్పి చూశారు. "ఫికర్ లేదు. నేను గూడ ఆమెయి పెట్టుకొని షూషిన."

సీసాలో నీళ్ళతో పుక్కిలించి, అటు తిరిగి సర్దుకుని, ఇటు తిరిగేసరికి వేరే మనిషి అయ్యారు. "సంతోషం. చాలా సంతోషం. మీ బస్సు వస్తున్నది, చూసి ఎక్కండి" అన్నారు. నాలుగు రోజులుగా దాచుకున్నట్టు ప్రతి స, ప్రతి చ విడివిడిగా పలికారు. ఆ మాటలు రికార్డు చేసుకోనందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

పదిన్నరకు చర్చి మొదలైంది. మార్తవ్వ తెల్లచీరలో ముందుకు వెళ్ళింది. ముందువరస పిల్లలు మోచేతులతో పొడుచుకోవడం చూశాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా మొదలుపెట్టింది. మొదటి వాక్యంలోనే 'చాచి' అన్న మాట వచ్చింది. మొదటి చ పళ్ళకు తగిలింది, రెండోది అంగిలికి. ఒకే మాటలో రెండూ, దేనికది. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. దస్తీ పాస్టరమ్మ ఒళ్ళోనే ఉండిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చర్చి కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

పన్నెండున్నరకు ఇంటికి వచ్చి, ఆమె అనుమతి కాగితం మీద సంతకం తీసుకుని, మైకు పెట్టి బొమ్మలు చూపించాను.

"సాప. సల్ల. సుట్ట. సుక్క."

అరవై బొమ్మల్లో పళ్ళ చ రావాల్సిన ప్రతిచోటా స వచ్చింది. "అవ్వా, ఇందాక చర్చిలో చ అన్నారు కదా" అన్నాను నీరసంగా.

"అది వాక్యం బిడ్డా. వాక్యంల చ ఉన్నది, చ సదివిన. ఇంట్ల సల్లే. నేను ఇంట్ల చల్ల అంటె మా ఆయన, 'ఎవరొచ్చిండ్రు, దొరసానా' అనెటోడు."

అంటే ఆమె చ బడిలో నేర్చుకున్న చ. పుస్తకం చూసి చదివే గొంతు నా అధ్యాయానికి పనికిరాదు. మూడు రోజుల ప్రయాణం, రెండు సెట్ల పళ్ళు, లెక్కలేనన్ని గ్లాసుల మజ్జిగ, అన్నీ అక్కడితో సరి. సునీత కోడికూర వడ్డించింది. బాధగా ఉన్నా రెండుసార్లు పెట్టించుకున్నాను. తింటుండగా మార్తవ్వకు ఖానాపూర్ నుంచి చెల్లెలి ఫోను వచ్చింది. ఆమె ఫోను పట్టుకుని గది ఆ మూలకు వెళ్ళి చాలాసేపు మాట్లాడింది. నేను కూర మీదే ఉన్నాను.

మూడింటి బస్సుకు మంచిర్యాల, ఐదింటికి సికింద్రాబాద్ రైలు. కిటికీ పక్క సీటు దొరికింది. రామగుండం దాటాక, తుడిచేసే ముందు ఒకసారి విందామని చెవుల్లో పెట్టుకున్నాను. బొమ్మలు అయిపోయాయి. ఆ తర్వాత ఆగిపోవాల్సింది ఆగలేదు. నేను మీట నొక్కలేదు, మైకు ఆమె చీరకే ఉండిపోయింది.

"...పళ్ళు వచ్చినయ్ గాని, ఒక పోరి వచ్చిందే, చుట్టమోలె. హైదరాబాద్ కెళ్ళి. ఏం పని అంటె, నన్ను చల్ల అనుమంటది. గంతే పని. చదువుకున్నదే, పాపం. చూస్తె మంచిగనే ఉన్నది. చల్ల బాగ తాగుతది."

చుట్టం, చల్ల, చూస్తె. ఒక్కటీ స కాలేదు. మధ్యమధ్య మరాఠీ. అక్కాచెల్లెళ్ళ తల్లిది ఆదిలాబాద్ అవతల మరాఠీ మాట్లాడే ఊరని ఆ మాటల్లోనే తెలిసింది. మొగుడితో, కోడలితో, ఊరితో స. చెల్లెలితో మాత్రం తల్లి ఇచ్చిన చ. పదకొండు నిమిషాలు.

నేను మూడు రోజులు బస్సుల్లో వెతికిన సరిహద్దు లక్సెట్టిపేటకు అటూ లేదు, ఇటూ లేదు. అది ఆమె ఎవరితో మాట్లాడుతోందన్న దాన్ని బట్టి ఉంది. ఆ దారిన ఎవరైనా నాలాంటి పని మీద వెళ్తే చెప్పేదొకటే: అడగాల్సినవి అడిగేశాక వెంటనే లేవకండి, అన్నం పెడితే తినండి.

కాని ఆమె ఇచ్చిన అనుమతి బొమ్మలకే. పెద్దపల్లి దగ్గర సిగ్నలు అందగానే ఫోను చేసి జరిగింది చెప్పాను. వాడుకోవచ్చా అని అడిగాను. అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"సునీత ముచ్చట గూడ పడ్డదా?" అంది మెల్లగా.

"పడింది అవ్వా. నాలుగు నిమిషాలు."

"గా ముచ్చట కోసెయ్. మిగిలింది నువ్వే తీసుకో." గొంతు ఇంకాస్త తగ్గించింది. "కూరల ఉప్పు తక్కువేస్తదన్నది మాత్రం ఉండనియ్. అది నిజమే."