డేగిసాకు దొరికిన చోటు

కువైట్‌లో నేను గోల్‌కీపర్‌గా ఉన్నంతకాలం మంగఫ్ జట్టు ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. ఈ మాట మా మనవళ్ళకు చాలాసార్లు చెప్పాను, వాళ్ళు నమ్మారు. మీరు పెద్దవాళ్ళు కాబట్టి మీకు కొంచెం తగ్గించి చెబుతాను. నేను గోల్‌కీపర్‌ను కాను. బంతిని తన్నింది ఒకే ఒక్కసారి, అదీ అది దొర్లుకుంటూ వచ్చి నా పప్పుగిన్నెకు తగిలినప్పుడు. మంగఫ్‌లో మా కంపెనీ క్యాంపు మెస్సులో వంటవాడిని. ఇంకా నిజం కావాలంటే, వంటవాడి కింద ఉల్లిపాయలు తరిగేవాడిని. ఆటలో నా పని అరవడం. ఆ పనిలో నన్ను మించినవాడు లేడు. ఈ మాట మాత్రం తగ్గించను.

బంతి ఆట మా కడప జిల్లా వాళ్ళకు రాదు. ఆడేవాళ్ళు మలయాళీలు, ఇద్దరు ఈజిప్టు వాళ్ళు. అరిచేవాళ్ళం మేము. అవతల షువైఖ్ గ్యారేజీల జట్టు. అక్కడా ఆడేది వేరేవాళ్ళే, అరిచేది గోదావరి వాళ్ళు. అంటే మైదానంలో ఏం జరిగినా అసలు పోటీ గట్టు మీద ఉన్న తెలుగువాళ్ళ మధ్యే. ఎవరు గోల్ కొట్టారో మరుసటి వారానికి మరిచిపోయేవాళ్ళం గానీ ఎవరు ఎవరిని ఏమన్నారో మూడు నెలలు గుర్తుండేది.

మా పోటీకి కప్పు లేదు, డేగిసా ఉంది. ఓడిన క్యాంపు తన మెస్సులోని పెద్ద డేగిసాను గెలిచినవాళ్ళకు ఇచ్చేయాలి. మళ్ళీ గెలిచేదాకా చిన్న గిన్నెల్లో విడతలు విడతలుగా వండుకోవాలి. వరుసలో చివరివాడికి అన్నం వచ్చేసరికి ముందు తిన్నవాడికి మళ్ళీ ఆకలి వేసేది. తొంభైలో, యుద్ధానికి ముందు, మేము గెలిచాం. షువైఖ్ వాళ్ళ డేగిసా మా దగ్గర ఉంది. అడుగున ఒక పక్క సొట్ట ఉండేది. అంతకుముందెప్పుడో గెలిచిన సంబరంలో వాళ్ళే కింద పడేశారు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. ఆటకు ముందు శుక్రవారం ఓడినవాళ్ళు వచ్చి తమ డేగిసాను చూసుకుని పోవచ్చు, కాపురానికి ఇచ్చిన పిల్లను చూసి వెళ్ళినట్టు. మేము టీ ఇవ్వాలి. అందుకే రెండు క్యాంపుల వాళ్ళం బావలమైపోయాం. బావ వరసైతే ఎంత ఎగతాళి చేసినా పట్టింపు ఉండదు కదా.

షువైఖ్ తరఫున మాటలకు పెద్ద ఒకాయన ఉండేవాడు. కార్ల సొట్టలు తీసే మేస్త్రీ. మెల్లగా, ఎంతో మర్యాదగా, ఎముక విరిగేలా మాట్లాడేవాడు. ఆ జూలై చివర్లో వచ్చి డేగిసా అంచు మీద వేలు రాసి చూసుకున్నాడు.

"పిల్ల చిక్కిపోయిందండి. తిండి పెడతన్నారా లేదా బావగారూ?"

"ఒళ్ళు చేసింది బావా. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళు పస్తులుండింది పాపం."

"ఒళ్ళు కాదండి అది, మసి. కడిగి ఎన్నాళ్ళయ్యింది?"

"కడిగితే మీ వాసన పోతాదని అట్లే పెట్టుకున్యాం."

మావాళ్ళు ఇనప మంచాల మీద అరచేతులతో చరిచారు. మేస్త్రీ టీ ఊదుకుని తాగాడు.

"వచ్చే శుక్రవారం మేవు తీసుకెళ్ళిపోతావండి. సారె సిద్ధం చేసుకోండి."

"తీసకపోను కాళ్ళుండల్ల గదా. మీ గోల్‌కీపరు బంతి వస్తాంటే పక్కకు జరిగి, రాండి రాండి కూసోండి అంటాడంట. గోదారోళ్ళ మర్యాద."

"మర్యాదేనండి. పోయినసారి మీవోడు మావోడి మోకాలు కొరికేశాడంట గదా."

"ఆకలైంటాది. గోదారోళ్ళు తియ్యగా ఉంటారని ఎవురో చెప్పింటారు."

ఆయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "బాగుందండి, దాచుకుంటాను," అన్నాడు. మంచి మాట పడితే అలా అనేవాడు. దాచుకుని, తర్వాత దానికి ఇంతకు ఇంత తెచ్చేవాడు.

ఆటకు ముందురోజు ఒకరి క్యాంపు చుట్టూ ఇంకొకరు పికప్పు వేసుకుని రేకు డబ్బాలు కొడుతూ తిరగడం కూడా ఉండేది. తెల్లవారుతుండగా, డ్యూటీ బస్సులు రాకముందే. అందుకని ఆ గురువారం నేను ముందే లేచి, మెస్సు డాబా మీద అంట్లు కడిగిన నీళ్ళ బకెట్టు పెట్టుకుని కూర్చున్నాను. దూరంగా దడదడమని మొదలైంది. ఈసారి డబ్బాలు కాదు, పెద్ద పీపాలే తెచ్చారనుకున్నాను. కింద బండి ఆగిన చప్పుడు వినబడగానే బకెట్టు బోర్లించాను. ఇరాక్ సైన్యం మీద మొట్టమొదట ఎదురు దాడి చేసిన మనిషిని నేనే. పడ్డది ట్యాంకు మీద. కమాండర్ ముఖం మీద వంకాయ తొక్కలు.

అబద్ధం. పడ్డది మా బస్సు డ్రైవర్ మీద. సైనికులు మా వైపు వచ్చేసరికి ఎండెక్కింది. ఆ డ్రైవర్ నన్ను తిట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, "దేశం పోయిందిరా," అన్నాడు. ఎవరి దేశం అని అడిగాను. అప్పటికీ అది షువైఖ్ వాళ్ళ వేళాకోళమేనని నాకు ఒక మూల అనుమానం.

మర్నాడు ఆట లేదు. అయినా పొద్దున్నే డేగిసాను చింతపండు వేసి, ఇసుక వేసి తోమాను. ఆటరోజు దాన్ని తళతళలాడేలా మైదానానికి తేవాలన్నది నియమం. మైదానం షువైఖ్ వెనక ఉంది, దారిలో ట్యాంకులు ఉన్నాయి. తోమిన డేగిసాను పక్కన పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. ఇది కొంచెం కూడా పెంచలేదు.

తర్వాత వారాలు గడిచాయి. మేనేజర్లు కనబడకుండా పోయారు. పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర ఉంది, కఫీల్ ఏ దేశంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు. బియ్యం అడుగంటాయి. మా బిల్డింగు సముద్రానికి దగ్గర కావడంతో సైనికులు ఖాళీ చేయించి, మేము పడుకున్న మంచాల మీదే వాళ్ళు పడుకున్నారు. మావాళ్ళు ఊరి పేరు చెప్పుకుని గుంపులు గుంపులుగా విడిపోయారు. ఎక్కడ ఎవరి ఊరివాళ్ళు ఉంటే అక్కడికి పోయారు. నా ఊరి నుంచి వచ్చినవాణ్ణి నేనొక్కడినే. చివరికి బిల్డింగు బయట మెట్ల మీద మిగిలింది నేను, డేగిసా.

రొట్టెల వరుసలో నిలబడినప్పుడు ఒకడు చెప్పాడు. షువైఖ్ గ్యారేజీ వాళ్ళు ఒక లారీని దాచారట. సైనికులు పట్టుకుపోకుండా చక్రాలు ఊడదీసి గుంతలో పెట్టి, బండిని రాళ్ళ మీద నిలబెట్టారట. రేపో మాపో చక్రాలు బిగించి బస్రా మీదుగా జోర్డాన్ దారి పడతారట. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు వేరే ఆలోచన లేదు. ఆ లారీలో నేను కూర్చునేంత చోటు కావాలి. ఉత్త చేతులతో పోతే ఏం బాగుంటుంది? వాళ్ళ పిల్లను వాళ్ళకు అప్పజెప్పి అడుగుదామనుకున్నాను.

డేగిసాను నెత్తిన పెట్టుకుని బయలుదేరాను. దారిలో సైనికుడు తుపాకీ నా గుండెకు ఆనించి, "ఇందులో బాంబు ఉందా?" అన్నాడు. నేను రొమ్ము విరుచుకుని... వద్దులెండి. తుపాకీ వాడి భుజానే ఉంది. డేగిసా దించమని, మూత తీసి లోపలికి చూశాడు. ఏమీ లేదు. వాడి ముఖం వాడిపోయింది. వాడు వెతికింది బాంబు కాదు, అన్నం. యల్లా, పో అని చెయ్యి ఊపాడు. కొంతదూరం ఒక పాలస్తీనా ముసలాయన తన కారు వెనక ఎక్కించుకున్నాడు. మిగతాది నడిచాను.

షువైఖ్ చేరేసరికి లారీకి చక్రాలు బిగిస్తున్నారు. పైన అప్పటికే మనుషులు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. మేస్త్రీ లారీ కింది నుంచి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నన్ను చూశాడు.

"ఏవండి బావగారూ, ఆట లేకుండానే పిల్లను దిగబెట్టేత్తన్నారు?"

"మీరు తీసకపోను రాకపోతిరి. భయపడి దాక్కున్యారని నేనే తెస్తి."

"భయం కాదండి. రోడ్డు మీదకి మీకంటే పెద్ద జట్టు దిగింది."

సొట్ట ఉన్నచోట వేలితో తట్టి చూశాడు. "ఆయ్, మా పిల్లే," అన్నాడు. సొట్టలు తీసే మనిషి అయివుండీ ఆ ఒక్కటి ఎందుకు తీయలేదో అప్పుడు అర్థమైంది. అది గుర్తు కోసం ఉంచుకున్నది.

"బావా, నాకింత చోటుంటాదా?" అన్నాను.

ఆయన బదులు చెప్పేలోగా పైనుంచి ఒకడు అరిచాడు. "మంగఫ్ ఓడిపోయిందని చెప్పమనండి. చోటు చేద్దాం."

లారీ అంతా నవ్వింది.

ఇక్కడ మా ఇంట్లో చెలామణిలో ఉన్న కథ ఒకటి ఉంది. అందులో నేను మీసం దువ్వి, "ప్రాణం పోయినా ఆ మాట నా నోట రాదు, మీ లారీ మీరే ఎక్కండి," అని వెనుదిరిగి, ఎడారి వైపు ఒంటరిగా నడిచిపోతాను. మా ఆవిడ ఈ కథను పుట్టింట్లో చెప్పింది. మా అల్లుడు ఒక పెళ్ళిలో చెబుతుంటే నేనే విన్నాను, నాకే ఒళ్ళు పులకరించింది.

నేను ఆ మాట అన్నాను.

"మంగఫ్ ఓడిపోయింది," అన్నాను.

"వినపళ్ళేదండి."

"మంగఫ్ ఓడిపోయింది."

"అరవండి బాబూ, అరవడం మీ పనేగా."

అరిచాను. గోల్ పడ్డప్పుడు అరిచే గొంతుతోనే, చేతులు రెండూ పైకెత్తి అరిచాను. చప్పట్లు కొట్టారు. ఒకడు ఈల వేశాడు. నేనూ నవ్వుతున్నాను. అప్పటికే ఒక కాలు లారీ వెనక మెట్టు మీద పెట్టాను. భుజం మీద మేస్త్రీ చెయ్యి పడింది.

"అన్నగారూ," అన్నాడు.

అన్ని రోజుల్లో ఆయన నన్ను బావ అని తప్ప ఇంకోలా పిలవలేదు. మిగతాది వినకముందే మెట్టు మీది కాలు దించాను.

"అన్నగారూ, నిజంగా చోటు లేదండి. మావోళ్ళే ఇద్దరు దిగిపోయారు. మీరు సరదాకి అడుగుతున్నారనుకున్నాడు వాడు."

పైకి చూశాను. నా చేత అరిపించినవాడు లారీ రేకుకేసి చూస్తున్నాడు. వాడి తప్పని కూడా అనలేను. మా మధ్య సూటి మాట ఎప్పుడూ నడవలేదు. నేను నిజంగానే అడుగుతున్నానని వాడికెలా తెలుస్తుంది? వాడు ఉత్తుత్తికే అంటున్నాడని నాకెలా తెలుస్తుంది?

తర్వాత డేగిసాను పైకి అందించారు. దానికి గొంతుకూర్చున్న మనిషంత చోటు కావాలి. ఇద్దరు కాళ్ళు ముడుచుకున్నారు, ఇంకొకడు పక్కకు తిరిగాడు. చోటు వచ్చింది. అందులో బియ్యం, దుప్పట్లు కుక్కారు. నేను అడగకుండానే మేస్త్రీ, "దారిలో వండుకోవాలి గదండి," అన్నాడు. నా చేతిలో రొట్టెల కట్ట పెట్టాడు. లారీ కదులుతుంటే అలవాటు కొద్దీ అన్నాను, "బోల్టులు బిగించినావా బావా, లేకపోతే చక్రం మీకంటే ముందు ఊరు చేరతాది." ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా దాచుకుంటానని అనలేదు.

ఆ తర్వాత సబా అల్ సలేంలో మా జిల్లా ఆడమనిషి ఒకామె ఆదుకుంది. ఆమె పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లలతో సౌదీకి పోతూ తాళాలు ఈమె చేతిలో పెట్టింది. ఆమె నన్ను ఏ క్యాంపు అని అడగలేదు, తిన్నావా అని అడిగింది. కొన్నాళ్ళకు ఇద్దరం బస్సులో బయటపడ్డాం. ఆ ప్రయాణం గురించి కూడా మా ఇంట్లో గొప్ప కథలు ఉన్నాయి. వాటిలో నేను పాము కాటు కూడా తిన్నాను. తినలేదు.

యుద్ధం అయ్యాక మళ్ళీ కువైట్ పోయాను. ఉల్లిపాయలు తరగడానికి మనిషి కావాల్సి వచ్చింది వాళ్ళకు. మేస్త్రీ కూడా తిరిగి వచ్చాడు. మొదటి శుక్రవారం ఎదురుపడగానే, "ఏవండి బావగారూ, మంగఫ్ ఓడిపోయిందంటగా," అన్నాడు. మళ్ళీ బావనయ్యాను. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నేను మంగఫ్ వదిలి ఇంటికి వచ్చేదాకా ఆ మాట షువైఖ్ వాళ్ళ నోటనే ఉంది. నేను అరిచింది అందరికీ గుర్తుంది. ఎందుకు అరిచానో ఒక్కడికీ గుర్తు లేదు. నేను మళ్ళీ ఏ ఆటకూ అరవలేదు. గొంతు పోయిందని చెప్పాను. పోలేదు.

ఒకసారి మాత్రం అడిగాను, "డేగిసా యాడుంది బావా?" అని.

"దారిలో మేవే ఇచ్చేశావండి. నీళ్ళ ట్యాంకరోడు వచ్చాడు, మా దగ్గర ఇవ్వడానికి ఇంకేం లేదు. దాన్ని తీసుకుని అందరికీ నీళ్ళు పోశాడు."

అంటే నా బదులు దాన్ని ఎక్కించడమే సరైనది. నన్ను ఎక్కించుకుని, ఆ ట్యాంకర్ వాడికి నన్ను ఇస్తామంటే ఒక్క చుక్కా పోసేవాడు కాదు. ఈ సంగతి నాకు ఎప్పుడో అర్థమైంది. ఒప్పుకున్నాను కూడా. అయినా ఈ వయసులో మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు ఆ లారీని ముందు నిలబెట్టుకుంటాను. మనుషులను సర్దుతాను. ఈ మూలవాణ్ణి ఇటు జరిపి, ఆ పొడుగువాడి మోకాళ్ళు మడిపించి, దుప్పట్లను వాళ్ళ కిందే పరిపించి, డేగిసా పక్కనే ఇంకొక మనిషిని ఇరికించి చూస్తాను. కొన్నిసార్లు చోటు దొరకదు, నిద్ర పడుతుంది. కొన్నిసార్లు దొరుకుతుంది. దొరికిన రోజు నిద్ర పట్టదు.