కూనూరు ఘాట్‌లో పొగబండి

మా బావకు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లుంది. ఫ్యాను కింద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు దేశం సంగతులు చెప్పడం ఆయన పని. రైతులతో మాట్లాడేది, కూలీలను చూసుకునేది, మిషను ఆగితే మెకానిక్కును పిలిపించేది మా అక్క. మిల్లు ఎవరిదని అడిగితే మాత్రం ఊరంతా బావ పేరే చెబుతుంది.

మొన్నామధ్య కోయంబత్తూరులో ఒక పత్తి వ్యాపారి ఇంట పెళ్ళికి పోయాం. ఎమ్మిగనూరు నుంచి నేనూ నా భార్యా, ఆదోని నుంచి వాళ్ళిద్దరూ. పెళ్ళయ్యాక ఊటీ చూద్దామంది అక్క.

"ఏముందప్పా ఆడ? మన ఆదోనిలో కొండల్లేవా?" అన్నాడు బావ. అయినా వ్యాను ఎక్కాడు, ముందు సీట్లో.

మేట్టుపాళయం దాటి ఘాట్ మొదలయ్యాక ఆయన మాటలు తగ్గాయి. నాలుగు మలుపులు తిరిగేసరికి ముఖం పాలిపోయింది. వ్యాను ఆపించి, రోడ్డు పక్క గోడ పట్టుకుని పొద్దున తిన్న పొంగలంతా కక్కేశాడు. అక్క వీపు నిమురుతోంది. అప్పుడు వినిపించింది కూత.

చెట్ల మధ్యనుంచి నీలం పెట్టెలు నిదానంగా ఎక్కుతున్నాయి. వాటి వెనక ఇంజను, రొప్పుతూ, తెల్లటి పొగ కక్కుతూ. పొగబండి ఇంకా బతికుందని నాకు తెలియదు. మా వెనక ఆగిన కార్లలోంచి జనం దిగారు. దిగినవాళ్ళు దిగినట్టే రైలుకు వీపు తిప్పి, సెల్‌ఫోన్లు చాపి, తమ ముఖాలు తామే చూసుకున్నారు. బావ కూడా మూతి తుడుచుకుని మమ్మల్ని దగ్గరికి లాగి ఫోటో తీశాడు. అక్క రాలేదు. రైలునే చూస్తూ నిలబడింది.

"ఇంజను ఎనక పెట్టినారే. ఈళ్ళకు బుద్ధి లేదా?" అన్నాడు బావ.

"మన మిల్లులో గూడా అంతే గదండీ. ముందర కూర్చునేది మీరు, ఎనకనుంచి తోసేది నేను," అంది అక్క, రైలు మీదనుంచి చూపు తిప్పకుండా.

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ పోయి మళ్ళీ ముందు సీట్లోనే కూర్చున్నాడు.

కూనూరు స్టేషన్ దగ్గర అక్క వ్యాను ఆపించి, రైలు వచ్చేదాకా కాచుకుంది. బావ నిమ్మకాయ వాసన చూస్తూ సీట్లోనే ఉండిపోయాడు. మేము లోపలికి పోయేసరికి ఇంజను నిలబడి ఆవిరి వదులుతోంది. దగ్గరికి పోతే ముఖానికి వేడి తగిలింది.

"ఎంత బరువు మోస్తాదో సూడప్పా," అంది అక్క. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చీర మీద మసి నలుసులున్నాయి. దులుపుకోలేదు.

తరువాత వారం మిల్లుకు పోతే బావ వ్యాపారులకు చెబుతున్నాడు: "రైలు వస్తాదని నాకు ముందే తెలుసు. అందుకే ఆడ వ్యాను నిలిపించినా." అందరూ తలలూపారు. ఆయన ఫోటో చూపించాడు. అందులో మా మూడు తలకాయలు, వెనక తెల్లటి పొగ, అంతే.

ఒకాయన కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. "పెళ్ళిలో వంటల కాడ తీసినారా అన్నా?"