ఇర్వింగ్‌లో ప్రేమానందం కట్టిన కారు

ప్రేమానందానికి స్క్రూడ్రైవర్ ఎటు పట్టుకోవాలో తెలియదన్న సంగతి ఇర్వింగ్ తెలుగు చర్చిలో సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. తెనాలిలో ఉన్నన్నాళ్ళూ ఫ్యాను కిర్రుమంటే ఎవరినో పిలిపించేవాడు. టెక్సాస్ వచ్చాక అలా పిలిస్తే పలికే నాథుడు లేడు. అందుకని ఆయన అసలు దేన్నీ బాగుచేయడమే మానేశాడు. కుళాయి కారితే కింద గిన్నె పెట్టేవాడు, కుర్చీ ఊగితే కాలి కింద అట్టముక్క దోపేవాడు. “ఏం పర్లేదులే వసంతా” అని పేపరు తెరిచేవాడు. అలాంటి మనిషి 1981లో సొంతంగా కారు కడతానన్నాడు. చెప్పొద్దూ, విన్నవాళ్ళు నవ్వలేక చచ్చారు.

ఆ పిచ్చి బార్బర్ షాపులో పట్టుకుంది. అక్కడి పత్రికలో ఒక ప్రకటన. పాత బీటిల్ కారు ఒకటి సంపాదించి, పైనున్న డొప్ప తీసేసి, వాళ్ళు పంపే ఫైబర్‌గ్లాస్ బాడీ బిగించుకుంటే చాలట, ఇంటి గ్యారేజీలోనే స్పోర్ట్స్ కారు తయారట. మామూలు పనిముట్లు సరిపోతాయట. ప్రేమానందం ఉద్యోగం ఇన్సూరెన్స్ ఆఫీసులో. పొద్దస్తమానం ఎవరి కారు ఎలా పగిలిందో చదవడమే ఆయన పని. జీవితంలో ఒక్కసారైనా కారు ఎలా తయారవుతుందో చూడాలని బుద్ధి పుట్టింది, తప్పేముంది?

తప్పేముందో ఆయన భార్య వసంతకుమారి చెప్పింది. ఆమె ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు నర్సు.

“కట్టుకోండి, నేనొద్దనను. కానీ నేను మాత్రం అందులో కాలు పెట్టనండీ” అంది. “హైవే మీంచి తెచ్చేవాళ్ళని రోజూ ఈ చేతులతోనే స్ట్రెచర్ ఎక్కిస్తున్నాను. ఫ్యాక్టరీలో చేసిన కార్లకే ఆ గతి పడుతుంటే, మీరు చేసిన కారా? కుళాయికి వాషర్ వేయని మనిషి చేసిన కారా?”

ప్రేమానందానికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. కోపం తెచ్చుకుందామంటే ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదాయె. ఆ రోజు నుంచి ఆయన కోరిక మారిపోయింది. స్పోర్ట్స్ కారు సంగతి సరే, ఆ కారులో తన పక్కన వసంత వచ్చి కూర్చోవాలి. భయంతోనో మొహమాటంతోనో కాదు, నమ్మకంతో కూర్చోవాలి.

పాత బీటిల్ వచ్చింది. పెద్ద పెద్ద పెట్టెల్లో బాడీ వచ్చింది. దాంతోపాటు వచ్చిన పుస్తకం, చదివేవాడు మెకానిక్కుల ఇంట పుట్టాడన్న ధీమాతో రాసింది. “ముందుగా పాత బాడీని తొలగించండి” అని అందులో ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యానికే క్రిస్మస్ దాకా పట్టింది. తుప్పుపట్టిన బోల్టులు ఊడిరావు. ఊడివచ్చినవి ఎక్కడివో గుర్తుండవు. ఫైబర్‌గ్లాస్ అంచులు అరగదీస్తే ఆ పొడి చొక్కాలో దూరి ఒళ్ళంతా దద్దుర్లు. వసంతకుమారి తిట్టుకుంటూనే వీపుకి మందు రాసేది. వైర్లన్నీ కలిపి గర్వంగా హారన్ నొక్కితే వైపర్లు ఆడాయి. ఎదురింటాయన గడ్డి కోయడం ఆపి మరీ నవ్వాడు.

సాయం పట్టింది జోసఫ్ ఒక్కడే. ప్రేమానందం చర్చి స్నేహితుడు, గుంటూరు మనిషి, నోరు మంచిదే గానీ కాస్త పెద్దది. బ్రేకు గొట్టాల్లో గాలి తీయాలంటే ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు కింద పడుకోవాలి. వసంత ఆ సీటులో కూర్చోదు గనక జోసఫ్ కూర్చుని, అనపకాయ పప్పు దగ్గర్నుంచి ఆయిల్ రేట్ల దాకా మాట్లాడుతూ తొక్కేవాడు.

వసంతకుమారి కాఫీ తెచ్చినా గ్యారేజీ గుమ్మం దాటేది కాదు. ఒక ఆదివారం సీటు బిగిస్తుంటే ఒక బోల్టు కన్నం కుదరలేదు. “పర్లేదు, మిగతావి పట్టుకుంటాయి” అన్నాడు ప్రేమానందం. తల తిప్పి చూస్తే గుమ్మంలో వసంత. కాఫీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆయనకి ఎంత సిగ్గేసిందంటే, ఆ సీటు మొత్తం ఊడదీసి, కన్నం కొత్తగా వేసి, మళ్ళీ బిగించేసరికి చీకటిపడింది. అప్పట్నుంచి బిగించింది విప్పి చూసుకోవడం ఆయనకి అలవాటైపోయింది. నెలలు గడిచాయి, వేసవి వచ్చింది, గ్యారేజీ పొయ్యిలా కాగింది, మళ్ళీ చలికాలమూ వచ్చింది.

పసుపుపచ్చ రంగు ఆరుతుండగా జోసఫ్ ఒక ఘనకార్యం చేశాడు. ఈస్టర్ తర్వాతి శనివారం హ్యూస్టన్ నుంచి పాస్టరు అయ్యగారు వస్తున్నారు. జోసఫ్ నిండు సంఘంలో లేచి నిలబడి, ఆ రోజే బ్రదర్ ప్రేమానందం గారి కారుకి ప్రతిష్ఠ ప్రార్థన, అందరికీ భోజనం, వసంతకుమారి సిస్టర్ గారే మొదట ఎక్కుతారు అని ప్రకటించేశాడు. కారు రోడ్డెక్కి చూడనేలేదు! ముందు ముహూర్తం పెట్టుకుని తర్వాత పని చూసుకోవడం మనవాళ్ళకి కొత్తా ఏమిటి? పాస్టరుగారి పేరెత్తాక కాదనే ధైర్యం ఆ మొగుడూపెళ్ళాలిద్దరికీ లేకపోయింది.

“నన్ను భలే ఇరికించారండీ” అంది వసంత ఇంటికొచ్చాక.

“నేను చెప్పమనలేదు వసంతా, ఒట్టు.”

“తెలుసు. అందరిముందూ మీ పరువు తీయను. ఎక్కుతాను.”

ఎక్కుతానంది. కానీ ఆయనకి కావలసింది ఆ ఎక్కడం కాదు. వారమంతా అన్నం సహించలేదు.

శనివారం వచ్చింది. ఇంటి ముందు కారు నిగనిగలాడుతోంది. గ్యారేజీలో బిర్యానీ గిన్నెలు. చర్చి జనమంతా కారు చుట్టూ చేరారు. వసంతకుమారి పట్టుచీర కట్టుకుని పెదవులు బిగించి నిలబడింది. పిల్లలు అప్పుడే వరస కట్టేశారు, అంకుల్ తలా ఒక రౌండ్ వేయించాలని. అయ్యగారు కారు మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

ప్రేమానందం తల వంచాడు గానీ కళ్ళు మూతపడలేదు. కొత్తగా కట్టిన కారుని పక్కన పెట్టుకుని ఎవడు మూయగలడు? ముందు చక్రం పక్కన సిమెంటు మీద తడి మచ్చ కనబడింది. చూస్తుండగానే ఇంకో చుక్క పడింది. నీళ్ళు కాదు. బ్రేకు గొట్టం అతుకు దగ్గర్నుంచి నూనె. తన చేత్తో బిగించిన అతుకు.

ఇంకెవరూ చూడలేదు. వీధి చివరిదాకా మెల్లగా వెళ్ళి వచ్చేస్తే ఎవరికీ తెలియదు కూడా. ఆమెన్ అన్నారు. చప్పట్లు కొట్టారు. జోసఫ్ పరుగున వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నాడు. వసంత కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ముందుకు నడిచింది. ఎక్కబోతూ ఆమె సీటు బోల్టుల వైపు చూడడం ప్రేమానందం గమనించాడు.

“వసంతా, ఆగు. ఎక్కొద్దు” అన్నాడు. తర్వాత అందరివైపూ తిరిగాడు. “అయ్యగారూ, క్షమించండి. ఇవాళ బండి కదలదు. బ్రేకు కారుతోంది. నేనే సరిగ్గా బిగించలేదు.”

వరసలో ఉన్న పిల్లలు ఉసూరుమన్నారు.

“అదేంటి బ్రదర్! ఒక్క రౌండే కదా, స్లోగా డ్రైవ్ చేయండి. ప్రార్థన కూడా అయిపోయింది!” అన్నాడు జోసఫ్.

“ప్రార్థనకీ బ్రేకుకీ పోటీ పెట్టకు జోసఫూ” అన్నారు అయ్యగారు. “ఆకలేస్తోంది, పదండి.”

అందరూ నవ్వేశారు. ఆ నవ్వులో పిసరంత ఎగతాళి కూడా ఉంది, ఎందుకుండదు? ఇన్ని నెలలు కట్టి, ఊరందర్నీ పిలిచి, కదలని కారు చూపించాడాయె. జనం ప్లేట్లు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. ప్రేమానందం చక్రం పక్కన చతికిలబడ్డాడు. ఏడుపొకటే తక్కువ.

కాసేపటికి పట్టుచీర అంచు కంటపడింది. వసంతకుమారి బిర్యానీ ప్లేటు ఆయన చేతిలో పెట్టి, కారు తలుపు తీసి, వంగి, చీర సర్దుకుని లోపల కూర్చుంది.

ప్రేమానందం కంగారుగా లేచాడు. “అది కదలదు వసంతా. చెప్పాను కదా.”

“విన్నాను.” ఆమె సీటులో వెనక్కి వాలింది. చేతులు ఒళ్ళో నిమ్మళంగా ఉన్నాయి. “ఇందాక భయపడుతూనే వచ్చానండీ, మీకోసం. అంతమందిలో సిగ్గు విడిచి నన్ను ఎక్కొద్దన్నారు చూడండి, అప్పుడు పోయింది భయం.”

ఆయన బిర్యానీ ప్లేటు కారు మీద పెట్టి తలుపు దగ్గరికి వచ్చాడు.

“ఆ బ్రేకు బాగుచేశాక పెడల్ ఎవరో ఒకరు తొక్కాలి కదా” అంది వసంతకుమారి. “జోసఫ్‌ని పిలవకండి. నేను తొక్కుతాను.”