మూడో మెట్టు మీద పెట్టె

మా అయ్య అచ్చయ్యకి ఎనభై ఎనిమిదేళ్లు. కౌలాలంపూర్‌లో మా ఇంట్లో ఆయనకో గది ఉంది, గదిలో మంచం, మంచం మీద నేను ఏరికోరి కొన్న పరుపు. ఆయన మాత్రం కటిక నేల మీదే పడుకుంటాడు. చాప వేసినా ఒప్పుకోడు. చుట్టాలొస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. రాగిణి కన్నతండ్రిని నేల మీద పడేసిందని అనుకోరూ? ఎందుకయ్యా ఇదంతా అంటే, "నడుంకి మంచిదే" అనేవాడు. ఆ నడుము చూస్తే ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

శ్రీకాకుళం వైపు నుంచి పదిహేనో ఏట మేనమామ వెంట ఓడెక్కి వచ్చాడు. మేనమామ రబ్బరు తోటలోనే ఉండిపోయాడు. ఈయన ఈ పట్నం చేరి, సెంతూల్ పేటలో రైల్వే వర్క్‌షాపులో కూలికి కుదిరాడు. కింద కొట్లు, పైన గదులు ఉండే మేడల్లో ఒకదానిలో కాపురం. కాపురమంటే ఒక్క గదిలో ఇరవై ఇద్దరు కుర్రాళ్లు, ఒకటే కుళాయి, పదకొండే చాపలు. పగలు పనికెళ్లేవాళ్లు రాత్రి పడుకునే చాపల మీదే, రాత్రి పనికెళ్లేవాళ్లు పగలు పడుకునేవారు.

ఉగాదికి తెలుగు సంఘం వాళ్లు మైకు ఇస్తే చాలు, అయ్య ఆ గది కథ అందుకునేవాడు. "మా సాప సల్లారీదే కాదు" అనగానే జనం పడీపడీ నవ్వేవారు. అయ్య చాపకి రెండో భాగస్వామి దాసు. ఐసు ఫ్యాక్టరీలో రాత్రి పని. ఇద్దరూ కలుసుకునేది ఆదివారాలే. చాప ఒక్కటే కాబట్టి ఎవరూ పడుకోకుండా మేడ మెట్ల మీద కూర్చుని వేరుశెనక్కాయలు తినేవారట. దాసుకి నాలుగు అక్షరం ముక్కలు వచ్చు. అయ్యకి అచ్చయ్య అని రాయడం నేర్పింది ఆయనే, ఆ మెట్ల మీదే. కథ అక్కడితో ఆగిపోయేది. ఆ దాసు ఏమయ్యాడని ఎవరైనా అడిగితే, "ఊరికి ఎల్పోనాడు" అని మైకు ఇచ్చేసేవాడు.

ఇప్పుడు సెంతూల్‌లోనే నాకూ అలాంటి మేడ ఒకటుంది. బ్యాంకులో ముప్ఫై ఏళ్లు పనిచేసి కొనుక్కున్నాను. పైన పదకొండుమంది శ్రీకాకుళం కుర్రాళ్లు అద్దెకుంటారు. మనవాళ్లకి నీడ ఇచ్చానని సంఘంలో తెగ గొప్పలు చెప్పుకునేదాన్ని. ఒక్క గదిలో పదకొండుమందేమిటని ఎవరూ నన్ను అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. ఆదివారం ఆదివారం అయ్యని అక్కడికి తీసుకెళ్లేదాన్ని. వాళ్ల మాట వింటే ఆయనకి కడుపు నిండేది.

మొన్నొక ఆదివారం పొద్దున్నే ఆ కుర్రాళ్లలో ఒకడి ఫోను. "అక్కా, వెంకటరావుకి దగ్గితే రగతం పడతంది. మాకు బయంగుంది."

వెంకటరావు హోటల్లో గిన్నెలు తోముతాడు. పాతికేళ్లుంటాయేమో. చెప్పకూడదుగానీ, నా మనసు ముందుగా పోయింది అతని మీదికి కాదు. జబ్బు సంగతి బయటపడితే ఆఫీసర్లు వస్తారు, గదిలో తలలు లెక్కపెడతారు, నా పేరు మీద నోటీసు అంటిస్తారు. ముందు తోచింది అదే. అతను ఎక్కడున్నాడంటే పనికెళ్లాడన్నారు. రక్తం కక్కుతూ పనికెళ్లాడా అని కూడా నేననలేదు.

అయ్యని కార్లో ఉండమని పైకెళ్లాను. కుర్రాళ్లు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. వెంకటరావు నీలం సంచీ, దుప్పటి, చెప్పులు నా చేతుల్తో నేనే కిందికి దించి, వీధి తలుపుకి దగ్గరగా మెట్ల మీద పెట్టాను. ఒక్కరూ వద్దనలేదు. పెట్టి తల ఎత్తేసరికి, గుమ్మంలో కర్ర పట్టుకుని అయ్య.

"ఎవులిదే ఆ పెట్టి?"

అది సంచీ. ఆయన పెట్టి అనే అన్నాడు.

"వెంకటరావుది అయ్యా. ఊరికి ఎల్తన్నాడు."

"ఆడికి సెప్పినావేటి, సెప్పకండా పెట్టీసినావేటి?"

అయ్య మెల్లగా ఆ సంచీ పక్కన కూలబడ్డాడు. కింద నుంచి అది మూడో మెట్టు.

"దాసు పెట్టి నానే పెట్టినాను" అన్నాడు. "మూడో మెట్టు మీదే."

ఆ గదిలో ఒక ఆచారం ఉండేదట. ఎవరినైనా పంపించెయ్యాలంటే మొహం మీద పొమ్మనేవారు కాదు. పెట్టె తీసి మెట్ల మీద పెట్టేవారు. అదీ ఎవరు పడితే వాళ్లు కాదు, చాప పంచుకున్నవాడే పెట్టాలి. దాసు దగ్గుతున్నాడని అందరికీ తెలుసు. తలగడ మీద రక్తం మరక చూసింది అయ్య. గదిలో చెప్పిందీ అయ్యే. పెట్టెయ్యమన్నారు, పెట్టేశాడు. అప్పటికి ఆయనకి పందొమ్మిదేళ్లు.

"తెల్లారి పని నుంచి వొచ్చినాడు. పెట్టి సూసినాడు. పైకి రానేదు. పెట్టి తెరిసి, నాకు అచ్చరాలు దిద్దించిన పెన్సిలు తీసి మెట్టు మీద ఎట్టినాడు. పెట్టి నెత్తినెట్టుకుని ఎల్పోనాడు. యాడికో తెల్దు. నాను ఎతకనేదు. ఊరికెల్పోనాడని అందరికీ నానే సెప్పినాను."

ఆ రోజు నుంచి చాప మొత్తం అయ్యదే అయింది. ఒక్క రాత్రి పడుకున్నాడట. మర్నాటి నుంచి నేల.

మేమలా ఉండగానే వెంకటరావు వచ్చాడు. సంచీ చూశాడు, నన్ను చూశాడు. "పరవానేదక్కా" అని వంగి సంచీ పట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

అయ్య సంచీ పట్టీ పట్టేసుకున్నాడు.

"వొగ్గీ తాతా, నానెల్పోతాను."

"వొగ్గను. కారెక్కు."

అప్పుడు నేను పరుగున వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నానని రాసుకోవాలని ఉంది. పట్టుకోలేదు. కింద మంగలి షాపులోంచి ఎవరైనా చూస్తున్నారేమోనని అటు చూశాను. ఆ తరవాతే కారు తాళం తీశాను. వెంకటరావు వెనక సీట్లో, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, కళ్లె పరీక్ష చేశారు. క్షయే. డాక్టరమ్మ చిన్న పిల్ల, మలాయ్ అమ్మాయి, నవ్వు మొహం. కొన్నాళ్లు వార్డులో ఉంచుతామని, ఆరు నెలలు మాత్రలు మింగితే శుభ్రంగా నయమైపోతుందని ఇంగ్లీషులో చెప్పింది. అయ్యకి ఇంగ్లీషు రాదు. తెలుగులో చెప్పాను.

ఆయన "మరి ఆ దినాల్లో ఉండీదా ఈ మందు? అడుగే" అన్నాడు.

అయ్య వచ్చిన ఏడు చెప్పి అడిగాను. అడక్కపోతే బాగుండేది. ఆ పిల్లకేం తెలుసు, ఎవరి గురించి అడుగుతున్నామో! ఉండేదని తల ఊపింది. అయ్య ఈ దేశం వచ్చేనాటికే మందులు వచ్చేశాయని, ఈ ఊళ్లోనే ఎంతోమంది బతికారని ఉత్సాహంగా చెప్పుకొచ్చింది.

అయ్య నా మొహం వంక చూస్తున్నాడు.

"లేదంట అయ్యా" అన్నాను. "అప్పుడు ఏటీ లేదంట."

"డాక్టరమ్మ తలూపినాది గదే" అన్నాడు అయ్య.

వెంకటరావుని వార్డులోకి తీసుకెళ్లిపోయారు. నర్సు వచ్చి సామాను ఇమ్మని చెయ్యి చాపింది. అయ్య ఇవ్వలేదు. నీలం సంచీ ఒళ్లో పెట్టుకుని, పట్టీ రెండు చేతులా పట్టుకుని, అలాగే కూర్చున్నాడు.