గాలి చదువు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో "ఏం చదువుతున్నావ్?" అని అడిగితే జావా అనో ఒరాకిల్ అనో చెప్పాలి. ఆ రెండూ రానివాళ్లు టెస్టింగ్ అనేవాళ్లు. నేను ఎన్విరాన్‌మెంట్ అంటే చాలు, తడుముకోకుండా "ఏ ఎన్విరాన్‌మెంట్? యూనిక్సా, విండోసా?" అని అడిగేవాళ్లు. చెట్లూ నీళ్లూ గాలీ అని విడమరిచి చెప్పేసరికి వాళ్ల ముఖాల్లో జాలి కనిపించేది. నన్ను చూసి ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్లు మంట.

మా నాన్న జాలిపడలేదు గానీ ఏకంగా పేరే పెట్టేశాడు, "గాలి చదువు" అని. గాలి మాటలు, గాలి తిరుగుళ్లు, వాటి సరసన నా డిగ్రీ. మొదటి ఏడాది అయ్యాక గ్రూపు మార్చుకునే వీలుంది కాబట్టి, సెలవుల్లో మైత్రీవనంలోని కంప్యూటర్ సెంటర్లో జావా నేర్పించి, రెండో ఏడాదికి కంప్యూటర్స్‌లోకి మార్పించాలని ఆయన నిశ్చయించుకున్నాడు. అమ్మ కుటుంబ ప్రార్థనలో నా గ్రూపు మార్పును కూడా చేర్చింది. కళ్లు మూసుకుని దానికి ఆమెన్ చెప్పాల్సి రావడం ఎంత ఘోరమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. నేను పెదాలు కదిపి ఊరుకునేదాన్ని. ఎవరి పిచ్చి వారికి ఆనందం, నాకు ఆ చదువంటే ప్రాణం.

సరిగ్గా అప్పుడే కాలేజీలో మా మేడమ్ ఒక ప్రాక్టికల్ ఇచ్చింది. తెల్లటి అట్టముక్కకు వ్యాసలైన్ పూసి రోడ్డు పక్కన కడితే, గాలిలోని దుమ్మంతా దానికి అంటుకుంటుంది. నా వంతుకు పంజగుట్ట చౌరస్తా వచ్చింది. మొదటి అట్టను కరెంటు స్తంభానికి కడితే, మధ్యాహ్నానికి దాన్ని కప్పేస్తూ ఎవరో లేడీస్ హాస్టల్ ప్రకటన అంటించారు. రెండోది కనిపించకుండానే పోయింది. లక్డీకాపూల్‌లో ఆఫీసుకు వెళ్లే నాన్న స్కూటర్ రోజూ ఆ చౌరస్తా సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగుతుందో అప్పుడు గుర్తొచ్చింది. ఆయన్ను బతిమాలి హ్యాండిల్‌కు ఒక అట్ట కట్టాను.

"గిదేం ఆట బిడ్డా! ఆఫీసుల అందరు నవ్వుతరు," అన్నాడు. అయినా విప్పలేదు.

సాయంత్రం వచ్చీ రాగానే అమ్మకు చెప్పడం మొదలుపెట్టాడు. సిగ్నల్ దగ్గర పక్కనున్న ఆటో భాయ్ వంగి చూసి, "క్యా హై సాబ్, తావీజా?" అన్నాడట, తాయెత్తు అనుకుని.

"కాదు భాయ్, గాలిల దుమ్మును పట్టుకుంటది, మా బిడ్డ కట్టింది అని చెప్పిన. గాయన సుత రుమాలు తీసి చూపిచ్చిండు. మస్తు నల్లగున్నది," అంటూ నాన్న తన చేతిరుమాలు కూడా తీసి అట్ట పక్కన పెట్టాడు. రెండూ ఒకే రంగులో ఉన్నాయి.

అమ్మ వాటిని కాసేపు చూసింది. "రుమాలైతే ఉతుకుత. లోపలికి పోయినదాన్ని ఎట్ల ఉతుకుత?" అంది.

ఆ తర్వాత రోజూ ఆఫీసుకు బయల్దేరేముందు ఆయనే కొత్త అట్ట అడిగి కట్టించుకునేవాడు. గ్రూపు సంగతి మాత్రం ఎత్తలేదు. శనివారం "పద, మైత్రీవనం పోయొద్దాం" అనేసరికి, ఇక నా గ్రూపు మారినట్టే అనుకున్నాను.

మెట్ల నిండా జనం, గోడల నిండా కోర్సుల పోస్టర్లు. కౌంటర్లో ఉన్నాయనది గోదావరి వైపు మాట.

"అమ్మాయి ఏం చదువుతుందండీ?"

"ఎన్విరాన్‌మెంట్," అన్నాడు నాన్న.

"ఏ ఎన్విరాన్‌మెంటండీ? యూనిక్సా, విండోసా?"

నాన్న బ్యాగులోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అట్ట తీసి కౌంటర్ మీద పెట్టాడు. "గిది," అన్నాడు. ఆటో భాయ్ దగ్గర మొదలుపెట్టి చేతిరుమాళ్ల దాకా మొత్తం చెప్పాడు. మా వెనక లైన్లో ఉన్నవాళ్లు మెడలు చాచారు. ఒకతను అట్టను వేలితో ముట్టుకుని, నల్లబడిన వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"బాగుందండీ. మరి జావాకి పేరు రాసేయమంటారా?" అన్నాడు కౌంటర్లో ఆయన.

నాన్న నా వైపు చూశాడు. ఎందుకొచ్చామో అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"వద్దులే సార్," అన్నాడు. "మా బిడ్డ గాలి చదువుతున్నది. చదవనీ."

ఏడాదిగా నన్ను ఉడికించిన మాటే అది. ఆ జనం మధ్యలో నాకు ఏడుపొచ్చేసింది.

కిందికొచ్చి స్కూటర్ తీస్తూ, "ఇంట్ల వ్యాసలైన్ ఉన్నదా?" అన్నాడు. అయిపోయిందన్నాను. మందుల షాపు ముందు బండి ఆపి, పెద్ద డబ్బా ఇమ్మన్నాడు.