పరశురాములు వేసిన అతుకు

పరశురాములుకు కోపం ముక్కు మీదే ఉండేది. చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. కేతేపల్లి పక్క ఊళ్ళో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాడు. పదో తరగతి తప్పాడని నవ్వినవాడి పన్ను ఊడగొట్టి, ఆ ఊపులోనే బడికీ ఊరికీ దండం పెట్టేశాడు. హైవే పక్కన మందుల ఫ్యాక్టరీలో వెల్డర్ అయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకుందా? వాళ్ళమ్మను తిట్టిన కాంట్రాక్టర్‌ని కాలర్ పట్టి గోడకేసి కొట్టాడు. అయినా ఫ్యాక్టరీ అతన్ని వదులుకోలేదు. నికెల్ పైపును అతనిలా అతికేవాడు మళ్ళీ దొరకాలి కదా!

ఈ నికెల్ సంగతి కాస్త చెప్పుకోవాలి. మందుల తయారీలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ లేనిదే పూట గడవదు. అది వేడెక్కిందంటే ఇనుమును నమిలేస్తుంది, మన వంటింటి స్టీలునూ వదలదు. దానికి ఎదురు నిలిచేది నికెల్‌లో మాలిబ్డినం, క్రోమియం కలిపిన లోహం. వర్క్‌షాపులో అందరూ దాన్ని ఉట్టి నికెల్ అనే అంటారు. చూస్తే స్టీలులాగే తెల్లగా మెరుస్తుంది, అయస్కాంతానికీ అంటదు. గ్రైండర్ పెడితేనే గుట్టు బయటపడుతుంది. స్టీలు రవ్వలు పొడుగ్గా ఎగురుతాయి, నికెల్ రవ్వలు పొట్టిగా, ఎర్రగా రాలి చస్తాయి. ఇంత మొండి లోహానికీ ఒక రోగముంది. వెల్డింగ్ వేడిలో రవ్వంత సీసం తగిలిందా, లోలోపలే చిట్లుతుంది.

మెయింటెనెన్స్ ఇంజనీరు రఘుపతి ఆ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టించుకునేవాడు. “పరశురాములూ, అతుకు కాడ గ్రీజు ఉండొద్దు, రంగు ఉండొద్దు, సింధూరం అసలే ఉండొద్దు. బజారు సింధూరంల సీసం కలుపుతరు. శుభ్రంగ తుడిచినంకనే కొట్టు.”

“ఎన్నిసార్లు చెప్తవ్ సారూ, నాకేమన్న చెవుడా?” అనేవాడు ఇతను.

ఆ ఏడు దసరాకు ఆసిడ్ లైను కొత్తది వేస్తున్నారు. దాని కింద పనిచేసేది ఎవరనుకున్నారు? పరశురాములు చెల్లెలు మల్లిక భర్త గోపయ్య. రోగమొచ్చి గొర్రెలన్నీ చచ్చిపోతే, బావను తనే తీసుకొచ్చి ఆపరేటర్‌గా పెట్టించాడు. అందుకే పరశురాములు తల్లి గుర్వమ్మ మైసమ్మ గుడి సింధూరం పొట్లం కట్టిచ్చింది. “కొత్త పైపుకు పెట్టు బిడ్డా. అల్లుడు దాని కిందనే ఉంటడు.”

ఆయుధపూజ నాడు షెడ్డులో పొట్టేలును కోశారు, మిషన్లన్నిటికీ బొట్లు పెట్టారు. సగం వేసిన అతుకు మీద పరశురాములు బొటనవేలితో ఇంత సింధూరం అద్దాడు. పండుగ దాటాక మిగతా సగం వేయడానికి కూర్చుని పైపంతా తుడిచాడు. బొట్టు దగ్గరికొచ్చేసరికి గుడ్డ పట్టిన చెయ్యి ఆగిపోయింది. బొట్టు తుడవడమంటే ఆడబిడ్డ ఉన్న ఇంట్లో ఎంత పాడుమాటో మీకు తెలుసు. అందులోనూ చెల్లెలి పెనిమిటి కోసం పెట్టిన బొట్టాయె! రఘుపతి మాట గుర్తొచ్చింది. “ఇంత బొట్టుకు ఏమైతదిలే” అని దాని మీదుగానే వెల్డింగ్ కొట్టేశాడు. నీళ్ళతో పరీక్ష పెడితే చుక్క కారలేదు.

చలికాలంలో ఒక పొద్దున ఆ అతుకు నోరు తెరిచింది. సలసల కాగుతున్న ఆసిడ్ గోపయ్య ముఖం మీద, రొమ్ము మీద పడింది. చర్మం చొక్కాతో పాటే ఊడివచ్చింది. హైదరాబాద్ దవాఖానలో ప్రాణం పోయేదాకా అతను అరుస్తూనే ఉన్నాడు. మల్లిక ఆ ముఖం పక్కనే కూర్చుంది.

శవాన్ని తెచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు పెట్టారు. ఊరు ఊరంతా కర్రలతో దిగింది. స్టీలు పైపు వేసి నికెలని బుకాయించారనీ, పైసలు ఇంజనీరు మింగాడనీ ఎవడో అన్నాడు. అంతే! అద్దాలు పగిలాయి, వాచ్‌మన్ తల పగిలింది. రఘుపతిని ఈడ్చుకొచ్చారు. అందరికంటే ముందు కొట్టింది పరశురాములే. ఆ గుద్దుకు రఘుపతి కళ్ళద్దాలు పగిలి కనుబొమ్మలో దిగాయి. తర్వాత కాళ్ళు, కర్రలు, చెప్పులు, ఏది పడితే అది. గోపయ్య అన్న లింగయ్య లోపలి నుంచి ఆసిడ్ డబ్బా మోసుకొచ్చాడు.

“నా తమ్మునికి ఎట్లయిందో గీనికి గట్లనే కావాలె,” అంటూ మూత తిప్పాడు. డబ్బాతో పాటే తెచ్చిన పగిలిన పైపు ముక్కను పరశురాములు చేతిలో పెట్టాడు. “నువ్వు చెప్పు బావా, గిది దొంగ పైపే గదా? నీ నోటితోని చెప్పు, పోస్త.”

పరశురాములు చూశాడు. లోపల పైపు కొత్త గిన్నెలా మెరుస్తోంది. ఆసిడ్ దాన్ని ముట్టనైనా ముట్టలేదు. చీలింది ఒక్కచోటే, తను బొట్టు పెట్టినచోట, బొటనవేలంత. ఊఁ అంటే చాలు, తన తప్పు ఆ ఇంజనీరుతో పాటే కాలిపోతుంది. రఘుపతి నెత్తురు కారుతున్న కళ్ళతో అతన్నే చూస్తున్నాడు.

“గిది అసలు నికెలే,” అన్నాడు పరశురాములు. ముక్కను జనానికి ఎత్తి చూపి మళ్ళీ అరిచాడు. “అసలు నికెలే! సారు తుడువుమన్నడు, నేనే తుడువలే. సింధూరం మీదనే కొట్టిన. బావను సంపింది నేను!”

లింగయ్య రఘుపతిని తన్ని వదిలేసి, డబ్బాతో ఇటు తిరిగాడు. పరశురాములు పరిగెత్తలేదు. జీవితంలో మొదటిసారి ఆ చెయ్యి పైకి లేవలేదు.

“ఆగు!” శవం పక్కనుంచి మల్లిక లేచొచ్చింది. డబ్బాను లాగి మట్టిలో ఒంపేసింది. మట్టి పొగలు కక్కింది. “గసువంటి ముఖం ఒకటి సూసిన. ఇంకోటి సూడలేను.”

పరశురాములు “చెల్లే...” అన్నాడు. ఆమె పక్కనున్న వాడి చేతిలోని కర్ర గుంజుకుంది. ఏడుస్తూ కొట్టింది. భుజం మీద, మోచేతి మీద, అడ్డం పెట్టని ఆ కుడిచేతి మీద, ఎముక విరిగిన చప్పుడు వినబడ్డా ఆపలేదు. ఎవరూ అడ్డం పోలేదు. కర్ర విరిగాక దాన్ని పారేసి, పమిటతో ముఖం తుడుచుకుంది.

“గీయిన్ని దవాఖానకు తీస్కపోండ్రి,” అంది జనంతో. “నాకైతే అన్న లేడు.”

మళ్ళీ వెళ్ళి గోపయ్య తల దగ్గర కూర్చుంది.