అరువు అత్తయ్య పట్టుకెళ్ళిన నిచ్చెన

ఏదో ఒకటి అరువు తెచ్చుకోనిదే అత్తయ్యకు పొద్దు గడిచేది కాదు. ఇంట్లో మూడు కత్తెరలున్నా పక్కింటి కత్తెరే కావాలి. మబ్బు పట్టకముందే ఎదురింటి గొడుగు ఆవిడ వసారాలో ఉండేది. వీధిలో ఎవరి వస్తువు కనబడకపోయినా సొంత ఇంట్లో వెతుక్కోవడం మానేసి నేరుగా ఆవిడ గుమ్మం ఎక్కేవారు. తిరిగి ఇవ్వడం మాత్రం ఆవిడ ఇంటా వంటా లేదు. ఎవరి వస్తువు కోసం వాళ్ళే రావాలి, కూర్చోవాలి, టీ తాగాలి. అప్పుడైనా ఇస్తుందన్న నమ్మకం లేదు.

ఆవిడ దగ్గరే పెరిగిన మేనకోడలికి ఇదంతా తలకొట్టేసినట్టుండేది. పరాయివాళ్ళ గుండుసూది కూడా ఉంచుకునే రకం కాదు ఆ అమ్మాయి.

"ఎందుకత్తా ఈ అడుక్కోవడం? మనకేం తక్కువ?"

"అడిగితే అరిగిపోతామా ఏమిటే? ముందా ఇస్త్రీపెట్టె లోపల దాచు, దర్జీ వచ్చే వేళైంది."

అందరిలోకీ పెద్ద గొంతు మూలయింటి రంగుల మేస్త్రిది. పని మానేసినా నిచ్చెన మీద మమకారం మానని మనిషి. ఆ నిచ్చెన అత్తయ్య పెరట్లో ఉండేది. రోజూ సాయంత్రం వచ్చి, "ఇది మీ పుట్టింటివాళ్ళు పెట్టిందా?" అని వీధి అదిరేలా అరిచేవాడు. "గొంతెండిపోయింది పాపం, కూర్చో నాయనా," అని ఆవిడ టీ గ్లాసు అందించేది. మర్నాడు మళ్ళీ ఇదే భాగోతం.

మొన్న చలికాలంలో అత్తయ్య నిద్రలోనే పోయింది. ఇల్లు బావురుమంది. పోయిన మనిషి మీద ఎవరి మాటా పడకూడదని, మేనకోడలు కళ్ళు తుడుచుకుంటూనే ఇంటింటికీ తిరిగి ఎవరివి వాళ్ళకు ఇచ్చేసింది. తీసుకున్న ఒక్కరి ముఖంలోనూ సంతోషం లేదు. "ఇప్పుడు తొందరేమొచ్చిందమ్మా," అని దర్జీ నసిగాడు.

చివరికి నిచ్చెన ఈడ్చుకుంటూ మేస్త్రి ఇంటికి వెళ్ళింది. ఆయన దాన్ని చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఎవరు తెమ్మన్నారు నిన్ను?"

"మీ వస్తువే కదా బాబాయ్!"

"మా ఆవిడ పోయాక తలుపేసుకు కూర్చున్నాను. ఎవరు పలకరించినా కసిరేవాణ్ణి. మీ అత్త పలకరించలేదు, అడక్కుండానే నిచ్చెన పట్టుకుపోయింది. తిట్టిపోద్దామని వెళ్ళేవాణ్ణి, నాలుగు మాటలు మాట్లాడి వచ్చేవాణ్ణి. ఇప్పుడిది ఇంట్లో ఉంటే, సాయంత్రమైతే నేనెక్కడికి పోవాలి?"

అత్తయ్య ఇన్నేళ్ళు పడ్డ కష్టమంతా తాను ఒక్క పూటలో మోసుకెళ్ళి ఇంటింటా అప్పగించి వచ్చిందన్నమాట! దుఃఖం పొంగుకొచ్చింది. బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడగని ఆ పిల్ల మొదటిసారి అడిగింది.

"బాబాయ్, మా వంటింట్లో బూజు దులపాలి. ఈ నిచ్చెన ఇస్తారా?"

"మళ్ళీ ఎప్పుడిస్తావు?"

"ఇవ్వను. మీరే వచ్చి అడగాలి."

మేస్త్రి కళ్ళొత్తుకుని లేచాడు. నిచ్చెన రెండో కొస భుజాన వేసుకున్నాడు.

"సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే వచ్చి అడుగుతా. నడు."